లిఫ్టాయన కూతురి పెళ్ళి

మా మేడలో లిఫ్టాయన ముఖం ఎలా ఉంటుందో చెప్పమంటే మా ఆఫీసులో సగంమంది తెల్లమొహం వేస్తారు. వీపు గురించి అడగండి, ఒక్కరూ తడుముకోరు. ఎడమ భుజం కాస్త కిందికి ఉంటుంది. కుడి చెవి వెనక శనగగింజంత పుట్టుమచ్చ. ఖాకీ చొక్కా కాలరు చిరిగిన చోట వాళ్ళావిడ వేసిన సన్నటి కుట్టు. మాది పాతకాలపు లిఫ్టు మరి. కటకటాల తలుపు చేత్తో లాగాలి, ఇత్తడి పిడి చేత్తో తిప్పాలి. ఆయన మనకు వీపు పెట్టి, తలుపు పక్కన పీట వేసుకుని కూర్చుంటాడు. మన అంతస్తు రాగానే తలుపు తీసి, "చూసుకుని దిగండి" అంటాడు. ఈలోగా ఇంకో అంతస్తు నుంచి గంట మోగుతుంది. మనం దిగీ దిగకముందే తలుపు మూసి అటు వెళ్ళిపోతాడు. మీసాలు మొలిచినప్పటి నుంచి మీసాలు నెరిసేదాకా ఆయనది ఇదే పని.

నేను నాలుగో అంతస్తులో బీమా కంపెనీలో గుమాస్తాని, ఆయన పిలుపులో మేడంగారిని. ఆయన ముఖం నాకు తెలిసిందంటే లిఫ్టు వల్ల కాదు, ఇద్దరిదీ ఒకే వీధి కావడం వల్ల. మా వంటింటి కిటికీ తెరిస్తే వాళ్ళ పెరటి గుమ్మమే. అక్కడ ఆయన బట్టలు ఆరేస్తూ, వాళ్ళావిడ కుట్టుమిషనుకు నూనె వేస్తూ, మామూలు మనిషిలాగే ఉంటాడు. పాటలు కూడా పాడతాడు. నేను కిటికీలో కనబడితే ఆపేస్తాడు.

ఆయనకి మనుషులంటే భయం లేదు. మనుషుల చూపంటే భయం. ఒకరు చూస్తే ఓర్చుకుంటాడు. ఇద్దరు చూస్తే చెమట పడుతుంది. ముగ్గురు కలిసి తనవైపు తిరిగారంటే నాలుక పిడచకట్టి, మోకాళ్ళు వాటి దారిన అవి కొట్టుకోవడం మొదలుపెడతాయి. బడిలో పాఠం అప్పజెప్పమని లేపితే బల్ల కింద దూరాడట. పంతులుగారు మంచివాడు కాబట్టి తనూ వంగి, బల్ల కిందే అప్పజెప్పించుకున్నాడట. పెళ్ళి కూడా అలాగే చేసుకున్నాడు. పనిరోజున, తెల్లవారుజామున, చిన్న ప్రార్థనా మందిరంలో, పట్టుమని పదిమంది లేకుండా. "నన్ను పాదాల నుంచి పైదాకా చూడ్డానికి ఆయనకి వారం పట్టింది. అప్పటిదాకా నాకో మొహం ఉందని ఆయనకి తెలీదు" అంటుంది వాళ్ళావిడ, దారం కొరుకుతూ.

ఆదివారం పూజకు వెళితే చిట్టచివరి స్తంభం వెనక నిలబడతాడు. సత్ప్రసాదానికి అందరూ వెళ్ళి వచ్చి, మోకరించి కళ్ళు మూసుకున్నాక, గోడకి బల్లిలా అంటుకుంటూ పక్క దారిన వెళతాడు. ఫాదర్‌గారు ఆయన కోసం ఒక అప్పం చేతిలో ఉంచుకుని ఓపిగ్గా ఎదురుచూస్తారు.

అలాంటి మనిషికి ఒక్కతే కూతురు. తండ్రికి లేనిదంతా దేవుడు ఆ పిల్లకి ధారాళంగా పోశాడు. ఆస్పత్రిలో నర్సు. ఎంత వస్తాదైనా సరే, కళ్ళలోకి ఒక్క చూపు చూసి చొక్కా చెయ్యి మడతపెట్టిస్తుంది. అదే ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే అబ్బాయిని చేసుకుంటానంది. అబ్బాయి నెమ్మదస్తుడు. "లోపలంతా చూసుకునే చేసుకుంటున్నాడులే" అని పిల్ల తల్లి మురిసిపోయింది. ఫాదర్‌గారు మూడు ఆదివారాలు పీఠం దగ్గర ఆ ఇద్దరి పెళ్ళి ప్రకటన చదివారు. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది, స్తంభం వెనక నిలబడ్డ ఆ ఒక్కడికి తప్ప. ఆయన అభ్యంతరం అల్లుడి గురించి కాదు, నడక గురించి.

పిల్ల తనకి జ్ఞానస్నానం జరిగిన పాత పెద్ద చర్చిలోనే పెళ్ళి కావాలంది. ఆ చర్చి ఎంత పాతదో చెప్పమంటే ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కో వంద ఏళ్ళు కలుపుతారు. చెట్టుమానుల్లాంటి రాతి స్తంభాలు, రంగుటద్దాల కిటికీలు. నేల మీద పరిచిన పలకల కింద ఏ కాలపు పెద్దలో పడుకుని ఉన్నారు, వాళ్ళ పేర్లు మన చెప్పులకే అరిగిపోయాయి. గుమ్మంలో నిలబడి చూస్తే పీఠం మీది పెద్ద కొవ్వొత్తి అగ్గిపుల్లంత కనబడుతుంది. పెళ్ళికూతుర్ని తండ్రి చెయ్యి పట్టుకుని ఆ దారి పొడుగునా నడిపించి, పీఠం ముందు పెళ్ళికొడుకు చేతిలో పెట్టాలి. ఆ నడుస్తున్నంతసేపూ రెండు పక్కల బెంచీల్లో ఉన్నవాళ్ళంతా లేచి నిలబడి, వెనక్కి తిరిగి, కళ్ళార్పకుండా చూస్తారు. అది మర్యాద. దాన్ని మర్యాద అన్నవాడెవడో ఆయనకి దొరికి ఉంటే ఏం చేసేవాడో గానీ, ఆ సంగతి తెలిసిన మర్నాడు మూడో అంతస్తు వాళ్ళని అయిదులో దింపేశాడు. ఆయన సర్వీసులో అది మొదటిసారి.

తిండి తగ్గింది. నిద్రలో కాళ్ళు ఆడించడం మొదలైంది. పక్కన పడుకుంటే ఎడ్లబండి మీద ఊరెళుతున్నట్టుందని వాళ్ళావిడ నాతో చెప్పి నవ్వబోయి, నవ్వలేకపోయింది.

ఆయన్ని ఆదుకోవడానికి బావమరిది వచ్చాడు, అంటే పెళ్ళికూతురి మేనమామ. సిటీ బస్సు డ్రైవరు. ఊరంతటినీ వీపు వెనక కూర్చోబెట్టుకుని తిరుగుతాడు, ఒక్కరికీ జడవడు. అప్పటికే కొత్త సూటు కుట్టించుకున్నాడు. ఆ సూటుకి తగిన పని కోసం చూస్తున్నాడు. బావా, నీకెందుకు ఈ తిప్పలు, స్టీరింగు నా చేతికిచ్చెయ్ అన్నాడు. లిఫ్టాయనకి ప్రాణం లేచివచ్చింది. సరిగ్గా ఆ వేళకి కడుపునొప్పి రావాలనీ, అప్పుడు మేనమామ అందుకోవాలనీ ఇద్దరూ పెరట్లో నిలబడి ఒప్పందం చేసుకున్నారు. మూడో కంటికి తెలియదనుకున్నారు. కానీ మేనమామ నోట్లో నువ్వుగింజ నానదు. చీకటి పడేలోగా ఆ మాట పిల్ల చెవిన పడింది.

నేనప్పుడు అక్కడే ఉన్నాను, పెళ్ళి గౌను అంచుకి వాళ్ళమ్మ కుడుతుంటే పట్టుకుని. పిల్ల వచ్చి తండ్రి ముందు నేల మీద కూర్చుంది. కేకలు లేవు, కన్నీళ్ళు లేవు.

"మామయ్యతో రావాలంటే బస్సెక్కే వచ్చేదాన్ని నాన్నా," అంది. "నువ్వు తీసుకెళ్తే వెళ్తాను. లేకపోతే ఆ గుమ్మంలోనే నుంచుంటాను."

లిఫ్టాయన నా వైపు చూశాడు, గౌను వైపు చూశాడు. ఆ పిల్ల అన్నంత పనీ చేస్తుందని ఆయనకి తెలుసు. చిన్నప్పుడు ఓసారి లిఫ్టు మధ్యలో ఆగిపోయి ఆయనకి ఆలస్యమైతే, ఎందరు ఇంటికి తీసుకెళతామన్నా వినక, వానలో బడి గేటు పట్టుకుని నిలబడింది. జ్వరం వచ్చింది గానీ గేటు వదల్లేదు. ఇక ఆయన పరిస్థితి ముందు నుయ్యి, వెనక గొయ్యి. నడిస్తే ఆ చూపులకు చస్తాడు. నడవకపోతే కూతురు ఊరందరి ముందూ గుమ్మంలో దిష్టిబొమ్మలా నిలబడుతుంది.

సాధన మొదలైంది. ఆఫీసులు మూసేశాక మా నాలుగో అంతస్తు నడవాలో తండ్రీ కూతుళ్ళు చెయ్యీ చెయ్యీ పట్టుకుని అటూ ఇటూ నడిచేవాళ్ళు. పీఠానికి బదులు నీళ్ళ కూజా. నన్ను తలుపు సందులోంచి చూడమన్నారు, ఒక చూపు అలవాటు కావాలని. ఖాళీ నడవాలో దొరబాబులా నడిచేవాడు. ఊడ్చే ఆవిడ చీపురుతో మలుపు తిరిగిందో లేదో, పిల్ల చేతిలో గాలి మిగిలేది, ఈయన సామాన్ల గదిలో ఉండేవాడు. మేనమామ కూడా ఒకరోజు వచ్చి చూసి, బావా, నువ్వు నడుస్తున్నావా, క్లచ్చు మీద కాలేసి బండి నెడుతున్నావా అని అడిగాడు. దాంతో మళ్ళీ మొదటికొచ్చింది.

పెళ్ళికి ముందు సాయంత్రం అందరం చర్చికి వెళ్ళాం, ఏది ఎప్పుడు చెయ్యాలో తెలుసుకోవడానికి. గంట కొట్టే ముసలాయనే గుడి బాగోగులన్నీ చూసుకుంటాడు. గంట కొట్టీ కొట్టీ చెవులు పోయాయి. ఆయన మాకు పెద్ద తలుపు సంగతి చెప్పాడు. పెళ్ళిళ్ళకీ, బిషప్పుగారు వచ్చినప్పుడూ తప్ప ఆ తలుపు తియ్యరు. మూసుకుంటే లోపలివైపు ఇనప గడియ తనంతట తానే జారి రాతి గుంతలో పడుతుంది. దాన్ని ఎత్తే కొక్కెం ఆయన నడుముకే వేలాడుతూ ఉంటుంది. తను తలుపు తీసిపెట్టి గోపురం ఎక్కుతాననీ, గంట మోగగానే పెళ్ళికూతురు లోపలికి నడవాలనీ చెప్పాడు. మోకాళ్ళు బాగాలేవు కాబట్టి ఒకసారి ఎక్కితే పూజ అయ్యేదాకా దిగననీ, పావురాలు దూరకుండా గోపురం తలుపు లోపల గడియ పెట్టుకుంటాననీ కూడా చెప్పాడు. పిల్ల పీఠం చేరగానే పాటలవాళ్ళు పైనుంచి ఒక తాడు లాగుతారు, ఆయన గంట ఆపుతాడు. తలుపు జోలికి ఎవరూ పోవద్దన్నాడు. పక్క తలుపులు ఎటూ లేవు. రాళ్ళు ఊడుతున్నాయని మరమ్మతుల వాళ్ళు చెక్కలు కొట్టి మూసేశారు. అంతా విని లిఫ్టాయన బుద్ధిగా తల ఊపాడు. తలుపుల గురించి ఆయనకి ఎవరూ రెండోసారి చెప్పక్కర్లేదని నేననుకున్నాను.

పెళ్ళి రోజు వాళ్ళింటికి వెళ్ళేసరికి ఆయన బావమరిది పాత కోటు వేసుకుని, కుర్చీలో కూర్చోకుండా కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు. కూర్చుంటే మళ్ళీ లేవలేనేమోనని. మంచినీళ్ళ గ్లాసు ఇస్తే, నోటికి చేరేలోగా సగం కోటు తాగింది. కడుపునొప్పి వస్తోందా అని వాళ్ళావిడ అనుమానంగా అడిగింది. రావడం లేదనీ, వస్తే బాగుండుననీ చెప్పాడు.

చర్చి చేరాం. జనమంతా లోపలికి వెళ్ళిపోయారు. పెద్ద తలుపు ముందు ఇరుకైన రాతి వసారా ఉంది, ముగ్గురు నిలబడితే నాలుగో మనిషికి చోటుండదు. అందులో పిల్ల, ఆయన, మేలిముసుగు సర్దడానికి నేను. ముసలాయన తలుపు ఒక రెక్క ఓరగా తీసి, మాకు చెయ్యి ఊపి గోపురం వైపు వెళ్ళిపోయాడు. తెరిచిన సందులోంచి చల్లటి రాతి వాసన, కొవ్వొత్తుల వాసన, వందలమంది గుసగుసలు. ఆయన సంగతి ఏమిటా అని చూస్తే చిత్రం, మొహంలోకి రంగు వస్తోంది. వసారా గోడలు ఒకసారి చూసుకున్నాడు. తక్కువ ఎత్తు కప్పు చూసుకున్నాడు. తలుపు పక్కకి జరిగి, నాకూ పిల్లకీ వీపు పెట్టి, ఇనప రింగు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఊపిరి కూడా నిదానించింది. ధైర్యం చిక్కిందనుకున్నాను. పిల్ల కూడా అదే అనుకుని నాకు కన్ను గీటింది.

పైన గంట మోగింది.

లిఫ్టాయన రెక్క పూర్తిగా తెరిచాడు. లోపల జనమంతా ఒక్క కెరటంలా లేచి మావైపు తిరిగారు. అన్ని మొహాలు ఒకేసారి తిరిగితే చప్పుడవుతుందని నాకు అంతకుముందు తెలీదు. ఆయన మాత్రం మొహాల వైపు చూడనే లేదు. గడప వైపు చూపిస్తూ, కూతురితో మెల్లగా, మర్యాదగా, "చూసుకుని దిగండమ్మా" అన్నాడు.

పిల్ల అడుగు లోపల పెట్టింది. నా చేతిలోని ముసుగు అంచు జారి ఆమె వెంట వెళ్ళింది. ఆయన తలుపు మూసేశాడు.

లోపల గడియ జారి రాతి గుంతలో పడిన చప్పుడు నా పళ్ళలో వినబడింది.

ఆయన చెయ్యి ఇత్తడి పిడి కోసం గోడ తడుముతోంది. అక్కడ పిడి లేదు, నున్నటి రాయి ఉంది. చెయ్యి ఆగింది. గోడ వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు, నా వైపు తిరిగాడు. నేను ఆ మొహాన్ని మా కిటికీలోంచి ఎన్నోసార్లు చూశాను గానీ, అలా ఎప్పుడూ చూడలేదు. నెత్తురు చుక్క లేదు.

"మేడంగారూ," అన్నాడు. "ఏం చేశాను నేను?"

ఇద్దరం కలిసి తలుపు నెట్టాం. రింగు పట్టుకుని గుంజాం. ఏనుగుని గుంజినట్టుంది. లోపల పాటలవాళ్ళ మేళం ఒక విడత వాయించడం అయిపోయి, ఏం చెయ్యాలో తోచక మళ్ళీ మొదటినుంచి అందుకుంది. గంట మోగుతూనే ఉంది. పిల్ల పీఠం చేరితే గానీ గంట ఆగదు. ముసలాయన దిగితే గానీ తలుపు తెరుచుకోదు. గంట ఆగినా ఆయన దిగడు. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అంటారే, అది సామెత కాదని, నిజంగా జరిగే సంగతేనని నాకు ఆ వసారాలో తెలిసింది.

తలుపు అవతల ఇనుము గీరుకున్న శబ్దం. మేనమామ గొడుగు పిడితో గడియ ఎత్తబోతున్నాడు. గొడుగు విరిగినట్టు కూడా వినబడింది. తర్వాత తలుపు చెక్కల సందులోంచి అతని గొంతు.

"బావా, ఇంక నువ్వు అక్కడే ఉండు. నేను తీసుకెళ్తాలే. ఏం పర్లేదు."

లిఫ్టాయన కళ్ళు మూసుకున్నాడు. ఆ మూసుకోవడంలో ఎంత హాయి ఉందో చెబితే మీరాయన్ని తప్పుపడతారు. ఎన్నాళ్ళుగానో కోరుకున్నది తనంతట తానే వచ్చి వాకిట్లో నిలబడింది. కడుపునొప్పి నటించక్కర్లేదు. తలుపే అడ్డం పడింది. ఎవరూ ఏమీ అనరు.

అప్పుడు పిల్ల గొంతు వినబడింది. ఆస్పత్రిలో వార్డు ఆ చివరికి వినబడేలా మాట్లాడుతుందే, ఆ గొంతు.

"మామయ్యా, నువ్వెళ్ళి కూర్చో." తర్వాత తలుపుకి దగ్గరగా వచ్చి, మెల్లగా, "నాన్నా, నేను ఇక్కడే ఉన్నాను."

అంతే. రమ్మనలేదు. తొందరపెట్టలేదు.

లోపలికి ఇంకొక్క దారే ఉంది. చర్చి వెనక, ఫాదర్‌గారు పూజ వస్త్రాలు వేసుకునే గదికి చిన్న తలుపు. ఆ గదిలోంచి బయటికి వస్తే సరిగ్గా పీఠం పక్కకి వస్తాం, అంటే మొత్తం జనానికి ఎదురుగా. అక్కడి నుంచి ఆ దారంతా ఒంటరిగా నడిచి గుమ్మం దాకా వెళ్ళి, పిల్ల చెయ్యి పట్టుకుని, మళ్ళీ అంతా నడిచి వెనక్కి రావాలి. ఒక్కసారి నడవడానికే చచ్చిపోతున్నవాడికి రెండుసార్లు నడవాలని నేనే చెప్పాల్సి వచ్చింది. చెప్పేశాను. ఆయన విన్నాడో లేదో తెలీలేదు. వసారాలోంచి బయటికి అడుగుపెట్టాడు, నేను వెంట నడిచాను.

గోడ వారగా వెళుతున్నాం. మరమ్మతుల వాళ్ళ ఇసక కుప్ప, విరిగిన బెంచీలు, రెక్క ఊడిన రాతి దేవదూత ఒకటి గోడకి ఆనించి ఉంది. గంట నెత్తిన మోగుతోంది. మలుపు దగ్గర ప్రహరీ గేటు బార్లా తెరిచి ఉంది. అవతల వీధి, మామూలు వీధి. సైకిలు మీద ఒకాయన, పాలక్యాను కడుగుతున్న ఒకావిడ. ఎవరూ మావైపు చూడటం లేదు. లిఫ్టాయన అక్కడ ఆగిపోయాడు.

"మేడంగారూ, ఒక్కసారి బస్టాపు దాకా వెళ్ళొస్తాను," అన్నాడు.

వెళ్ళొద్దని నేననలేదు. ఆయన గేటు వైపు రెండడుగులు వేశాడు కూడా. నేను చెప్పగలిగిందల్లా, అమ్మాయి నిలబడే ఉంది అన్న మాట ఒక్కటే.

"నుంచుంటుంది. ఆస్పత్రిలో రోజంతా నుంచునే ఉంటుంది కదా," అన్నాడు వీధి వైపు చూస్తూ. కోటు అంచు గుప్పిట్లో నలుపుతున్నాడు. "ఎంతసేపైనా నుంచుంటుంది. వర్షం వచ్చినా నుంచుంటుంది. అదే మేడంగారూ నా భయం."

వెనక్కి తిరిగాడు. భయం తగ్గి తిరిగాడని ఎవరైనా అంటే నేనొప్పుకోను. పళ్ళు టకటకలాడటం నాకు వినబడుతూనే ఉంది. ఒక భయం ఇంకో భయాన్ని మెడ పట్టి గెంటింది, అంతే.

వస్త్రాల గది తలుపు ఎంత పొట్టిదంటే వంగి వెళ్ళాలి. లోపల బీరువాలు, మడతపెట్టిన తెల్లగుడ్డలు, గోడకి మసకబారిన అద్దం. అద్దం వైపు చూడకుండా దాటాడు. పీఠం వైపు తెర ఉంది. తెర ముందు నిలబడి, నీళ్ళలోకి దూకేవాడిలా ఊపిరి బిగబట్టాడు. తర్వాత వెళ్ళిపోయాడు. నేను తెర పక్కనుంచి చూశాను.

జనమంతా నిలబడి ఉన్నారు. కానీ అందరూ గుమ్మం వైపు తిరిగి ఉన్నారు, అక్కడ ఒంటరిగా నిలబడ్డ పెళ్ళికూతురి వైపు. ఫాదర్‌గారు కూడా అటే చూస్తున్నారు. పెళ్ళికొడుకు మునివేళ్ళ మీద లేచి అటే చూస్తున్నాడు. లిఫ్టాయనకి కనబడినవన్నీ వీపులు. బట్టతలలు, జడలు, కోటు మడతలు, చెవుల వెనకలు. ఆ చర్చి అంతటిలో ఆయన వైపు తిరిగి ఉన్న మొహం ఒక్కటే, ఎక్కడో చివర, తెల్లటి ముసుగులో చింతగింజంత. అది ఆయన్ని చూసింది. పిలవలేదు, చెయ్యి ఊపలేదు, అలాగే చూస్తూ ఉంది.

ఆయన పెళ్ళికొడుకు పక్కనుంచి వెళుతూ, కాస్త జరగండి బాబూ అన్నాడట. ఆ అబ్బాయి గతుక్కుమని జరిగాడు. ముందు వరసలో వాళ్ళావిడ తల తిప్పి చూసి, పమిట కొంగు నోట్లో కుక్కుకుంది. నడిచాడు. అది నడకని నేననను. చెరువులో బురద మీద నడిచేవాడు ఒక కాలు దిగబడ్డాకే రెండోది తీస్తాడు చూడండి, అలాగ. ఆయన దాటిన వరసల్లో ఒక్కో తలా తిరుగుతోంది. ముందు ఒకటి, తర్వాత నాలుగు, తర్వాత వరసకి వరస. ఆ చూపులన్నీ ఆయన వీపు మీద పడుతున్నాయి. వీపు సంగతి ఆయనకి పర్వాలేదు, అది ఎప్పుడూ జనానిదే.

గుమ్మం చేరాడు. పిల్ల చెయ్యి చాపింది. రెండు చేతులతోనూ పట్టుకున్నాడు, మునిగేవాడు తాడు పట్టుకున్నట్టు. ఇక ఇటు తిరగాలి.

తిరిగాడు.

చర్చి నిండా మొహాలు. ఆయన ఆగిపోయాడు. పడిపోతాడని నేను తెర గట్టిగా పట్టుకున్నాను, దాన్ని పట్టుకుంటే ఆయన నిలబడతాడన్నట్టు. మేళం ఆగింది. గంట ఒక్కటే మోగుతోంది. పిల్ల కదల్లేదు. ఒక్క అడుగు కూడా ముందు వెయ్యలేదు, ఆయన్ని లాగలేదు. ఆయన వేస్తే వేసింది, ఆగితే ఆగింది. అలా ఇద్దరూ దారి పొడుగునా ఆగుతూ, కదులుతూ, మళ్ళీ ఆగుతూ వచ్చారు. ఒక చోట ఆయన మోకాలు మడతపడింది. అందరూ భక్తితో వంగాడనుకుని తలలు వంచారు. ఆ కాసేపు చూపులు తప్పుకున్నాయి. ఆ సందులో నాలుగు వరసలు గబగబా దాటించింది పిల్ల.

పీఠం ముందుకు చేరారు. గంట ఆగింది. ఆ నిశ్శబ్దంలో లిఫ్టాయన ఊపిరి కొలిమి తిత్తిలా వినబడుతోంది. ఇప్పుడు పిల్ల చెయ్యి పెళ్ళికొడుకు చేతిలో పెట్టి, వెళ్ళి కూర్చోవాలి. ఆయన పెట్టలేదు. మొండితనం కాదు. వేళ్ళు బిగుసుకుపోయాయి, విడవమంటే విడవడం లేదు. ఫాదర్‌గారు కాసేపు చూశారు. పెళ్ళికొడుకు కూడా చూసి, ఉండనివ్వండి మావయ్యగారూ, ఏం తొందర లేదన్నాడు. ఫాదర్‌గారు తల పంకించి, మిగతా జనాన్ని కూర్చోమని సైగచేసి, మధ్యలో తండ్రిని అలాగే ఉంచి పూజ మొదలుపెట్టారు. పాఠాలు చదివారు. ప్రసంగం చేశారు. ఆ పిల్లని భార్యగా స్వీకరిస్తున్నావా అని అడిగితే పెళ్ళికొడుకు, మావగారి భుజం మీదుగా తల పెట్టి, స్వీకరిస్తున్నాను అన్నాడు.

ఉంగరాల వేళ వచ్చింది. ఫాదర్‌గారు ఉంగరం ఆశీర్వదించి అబ్బాయికి ఇచ్చారు. అబ్బాయి ఉంగరం పట్టుకుని చెయ్యి కోసం చూశాడు. చెయ్యి ఇంకా తండ్రి గుప్పిట్లోనే ఉంది.

పిల్ల ఆయన వైపు వంగింది. చాలా మెల్లగా అంది గానీ, తెర వెనక నాకు వినబడింది.

"నాన్నా, ఈ చెయ్యి కావాలి. ఇస్తావా?"

ఆయన కిందికి చూశాడు, ఆ చెయ్యి అక్కడెందుకుందో తనకే తెలియనట్టు. ఒక్కొక్క వేలే తీశాడు. తీసి, అబ్బాయి వైపు జరిపి, అక్కడే ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత వెనక్కి తిరిగి, అందరి మొహాల ఎదురుగా, పట్టుకోవడానికి ఎవరూ లేకుండా, ముందు బెంచీ దాకా వచ్చాడు. వాళ్ళావిడ జరిగి చోటిచ్చింది. కూలబడ్డాడు. మోకాళ్ళు ఎంతగా కొట్టుకుంటున్నాయంటే ఆ పాత బెంచీ టకటకమని రాతినేల మీద చప్పుడు చెయ్యసాగింది. మేనమామ పక్కనుంచి వంగి ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు.

"వచ్చేశాం బావా. ఇంక ఇంజను ఆపెయ్," అన్నాడు.

ఆగలేదు. ఆ పూజ అయ్యేదాకా బెంచీ అలా వణుకుతూనే ఉంది. దాని మీద కూర్చున్న ఆ ముగ్గురూ కూడా.